మనసుకు తగిలిన దెబ్బ – మా క్లస్టర్‌లో నేర్చుకున్న సంగతులు

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



ప్రతి ఏడూ మేం ఇక్కడికొచ్చి పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి వసూలు ఎంత అని చెప్పి దిగిపోతాం. ఆ లెక్కలు ఈ పుస్తకంలోనే వెనకాల అచ్చయ్యాయి, చూసుకోండి. ఈసారి ఒక కుటుంబం గురించి, ఆ కుటుంబం విషయంలో మేం చేసిన తప్పు గురించి చెప్పాలనుకున్నాం. చెప్పొచ్చా అని ముందు ఆ చెల్లినే అడిగాం. పేరు, ఊరు లేకుండా చెప్పండి అంది. రాసిన కాగితం చదివి వినిపిస్తే రెండు చోట్ల కొట్టెయ్యమంది, కొట్టేశాం. మా క్లస్టర్‌లో నాలుగు ఊళ్లున్నాయి. ఆమె ఏ ఊరామో ఎవరూ వెతకొద్దు. టీ తాగేటప్పుడు మమ్మల్ని పక్కకి పిలిచి అడగొద్దు కూడా.

తిత్లీ తుఫాను మనలో ఎవరికీ చెప్పక్కర్లేదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారి లేచి చూస్తే ఉద్దానం ఉద్దానంలా లేదు. కొబ్బరి చెట్లు ఒకదాని మీద ఒకటి పడున్నాయి, జీడి తోటలు వేళ్లతో సహా లేచిపోయాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకొచ్చేసరికి అయిదారేళ్లు ఆగాలి. అందరం చెట్ల గురించి ఏడ్చాం, రేకుల గురించి ఏడ్చాం. అధికారులు వచ్చి చెట్లు లెక్క పెట్టుకున్నారు, ఇళ్లు లెక్క పెట్టుకున్నారు. మనుషుల లోపల ఏం కూలిందో లెక్క పెట్టడానికి కాలమ్ లేదు. మా పుస్తకాల్లోనూ లేదు.

ఆ చెల్లి ఇంట్లో ఆ రాత్రి గోడ పడి మామగారు పోయారు. ఆవుని విప్పడానికి బయటికెళ్లి తిరిగొస్తుంటే పడింది. ఎనిమిదేళ్ల మనవడు గుమ్మంలో నిలబడి చూశాడు. ఇంతకంటే ఆ రాత్రి గురించి చెప్పం.

తర్వాత ఏమైందంటే, ఆమె మీటింగులకి రావడం మానేసింది. మా మీటింగు రేకుల షెడ్డులో జరిగేది. మొదటి నెల ఎవరం ఏమీ అనలేదు. రెండో నెల నుండి తీర్మానం ప్రకారం గైర్హాజరుకి 20 రూపాయలు జరిమానా రాశాం. మూడో నెల, నాలుగో నెల కూడా రాశాం. వాయిదా రెండు నెలలు ఆగింది. 2019 ఫిబ్రవరిలో అయిదుగురం కలిసి మినిట్స్ పుస్తకం పట్టుకుని ఆమె ఇంటికెళ్లి గుమ్మంలో కూర్చున్నాం. “అందరికీ పోయింది గదమ్మా, నీకొక్కదానికేనా? మేమందరం కట్టట్లేదా? మనసు గట్టి చేసుకోవాలి” అన్నాం. ఇంకా పాపిష్టి మాట ఒకటుంది, అదీ చెప్పేస్తాం. “అసలు ఆ రాత్రి ఏటైందో ఓసారి చెప్పమ్మా, గుండె తేలికవుద్ది” అని అడిగాం. మంచికే అడిగామనుకున్నాం. ఆమె చెప్పింది. గోడకేసి చూస్తూ, వేరే ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పింది. పక్కన పిల్లాడున్నాడు. మేం అయిదుగురం కొంగులతో కళ్లు తుడుచుకుని, టీ తాగి, వాయిదా సంగతి మళ్లీ గుర్తు చేసి వచ్చేశాం. ఆ రాత్రి ఆమె నిద్రపోలేదట. పిల్లాడు పక్క తడిపేశాడట. ఈ సంగతి మాకు చాలా నెలల తర్వాత తెలిసింది.

అప్పటికి ఆమె ఆ కథ ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. పరిహారం కాగితాల కోసం చెప్పింది. ఫొటో తీసుకోవడానికి వచ్చినవాళ్లకి చెప్పింది. పరామర్శకి వచ్చిన ప్రతి బంధువుకీ మొదటి నుండీ చెప్పింది. అన్నిసార్లు చెప్పినా గుండె ఏమీ తేలిక కాలేదు.

2019 మే మొదట్లో ఫొని తుఫాను హెచ్చరిక వచ్చింది. అది పూరీ వైపు వెళ్లిపోయింది గానీ మనకీ గాలులు, వాన తప్పలేదు. మైకులో హెచ్చరిక చెబుతూ ఆటో వీధిలోకి రాగానే ఆ పిల్లాడు మంచం కిందికి దూరిపోయాడు. ఒక పగలూ ఒక రాత్రీ బయటికి రాలేదు. అన్నం తినలేదు, అక్కడే ఒంటికి పోసేశాడు. తల్లికి ఊపిరాడక చేతులు కొంకర్లు పోయాయి. గుండెపోటు అనుకుని ఆశా కార్యకర్త ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడ డాక్టరు గారు ఈసీజీ తీసి, గుండె బాగానే ఉందమ్మా, ఇది భయం వల్ల వచ్చింది, మనసు డాక్టరుకి చూపించాలి అని చీటీ రాశారు.

ఆ చీటీ పట్టుకుని ఆమె మూడు వారాలు ఇంట్లోనే ఉంది. “పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్తే రేపు నా పిల్లాణ్ణి ఏమంటారు?” అని ఆశాతో అందట. భర్త వద్దన్నాడు. అత్తగారు ముందు భూతవైద్యుడి దగ్గరికి వెళ్దామంది, వెళ్లి తాయెత్తు కట్టించారు. మేం దాన్ని తప్పు పట్టం. తాయెత్తు ఉంది, చీటీ కూడా ఉంది, రెండూ ఉండనీ అని ఆశా అంది. చివరికి మాలో ఇద్దరం తోడు వస్తామంటే బయల్దేరింది.

ఆ రోజు అక్కడ మేం చూసింది చెప్పడానికే ఇవాళ మైకు తీసుకున్నాం.

లోపల కౌన్సిలర్ అమ్మ ఉంది. చిన్న వయసే. ఇప్పుడు అడుగుతుంది ఆ రాత్రి ఏటైందో అని మేం కాచుకుని కూర్చున్నాం. ఆమె అడగలేదు. “తలుపు తీసి ఉంచనా, వేసెయ్యనా?” అంది. “ఎక్కడ కూర్చుంటే నీకు బాగుంటుంది?” అంది. మన చెల్లి తలుపు కనిపించేలా గోడ పక్కన కూర్చుంది. పిల్లాడు మాటిమాటికీ పైకి చూస్తున్నాడు. పాత ఫ్యాను, చప్పుడు చేస్తోంది. కౌన్సిలర్ అమ్మ గమనించి ఫ్యాను ఆపేసింది. ఎండాకాలం, చెమటలు కారుతున్నాయి, అయినా అలాగే కూర్చున్నారు. తర్వాత “ఈ ఇద్దరక్కలూ లోపలుండాలా, బయటుండాలా? నీ ఇష్టం” అంది. చెల్లి మమ్మల్ని బయట ఉండమంది. మాకు కాస్త కష్టమనిపించిన మాట నిజం. పనులు మానుకుని వచ్చాం గదా. బయట బెంచీ మీద కూర్చున్నాక తట్టింది, తుఫాను తర్వాత ఆమెని ‘నీకేం కావాలి’ అని అడిగిన మొదటి మనిషి ఈవిడే అని.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగాం, ఆ రాత్రి సంగతి అడిగిందా అని. లేదంది. నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, ఏ టైములో భయమెక్కువ, ఇంట్లో ఎవరి దగ్గర ధైర్యంగా ఉంటుంది, ఇవే అడిగిందట. “చెప్పాలనిపించినప్పుడు చెబుదువు గాని, చెప్పకపోయినా వైద్యం ఆగదు” అందట.

తర్వాత మేం ఆ కౌన్సిలర్ అమ్మని మా క్లస్టర్ మీటింగుకి పిలిచి అడిగితే అర్థమయ్యేలా చెప్పింది. ఇంట్లో కుక్క ఒకసారి దొంగని చూశాక ఆకు కదిలినా మొరుగుతుంది. పెద్ద ప్రమాదం చూసిన మనిషి ఒళ్లు కూడా అంతే. ప్రమాదం అయిపోయిందని బుద్ధికి తెలుసు, ఒంటికి తెలీదు. అందుకే గాలి చప్పుడుకి గుండె దడ, పీడకలలు, ఆ రాత్రి మళ్లీ కళ్ల ముందే జరుగుతున్నట్టు ఉండడం, ఆ చోటు తప్పించుకు తిరగడం, ఒక్కోసారి ఏ బాధా తెలియని మొద్దుతనం. మన చెల్లి మీటింగుకి రాకపోవడం బద్ధకం కాదు, మొండితనం కాదు. మా షెడ్డు రేకులు గాలికి కొట్టుకునే చప్పుడు. మేం జరిమానా వేసింది ఆ చప్పుడుకి.

మరి చెప్పిస్తే తప్పేమిటి అని మాలో ఒకక్క అడిగింది. మనవైపు ఆడవాళ్లకి తెలిసిన మాటతోనే మేం జవాబు చెప్పుకున్నాం. పచ్చి జీడిపిక్కని అలాగే కొడితే జీడి చిమ్మి చెయ్యి కాలుతుంది. అందుకే కాల్చో, ఉడకబెట్టి ఆరబెట్టో, ఆ తర్వాతే కొడతాం, చేతికి బూడిదో నూనో రాసుకుని కొడతాం. మనసు డాక్టర్ల దగ్గర జరిగిందాన్ని కొంచెం కొంచెంగా చెప్పించే వైద్యం కూడా ఉంది. అది తర్ఫీదు పొందినవాళ్లు చేసేది, మనిషి సిద్ధమయ్యాక చేసేది. గుమ్మంలో కూర్చుని టీ తాగుతూ మనం చేసేది కాదు. ఆపద జరిగిన కొత్తలో అందర్నీ కూర్చోబెట్టి బలవంతంగా చెప్పించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోందట. వాళ్లు 2011లో తెచ్చిన పుస్తకంలో మామూలు మనుషులు చెయ్యాల్సిన పని మూడు మాటల్లో ఉంది: చూడు, విను, కలుపు. అంటే ఎవరికి అవసరమో కనిపెట్టడం, వాళ్లు చెప్పినంత వినడం, సాయం ఉన్న చోటికి చేర్చడం. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. 1999లో పక్కనున్న ఒడిశాలో పెద్ద తుఫాను వచ్చినప్పుడు బెంగళూరు నిమ్హాన్స్ వాళ్లు ఊళ్లో ఉండే కార్యకర్తలకే తర్ఫీదు ఇచ్చి ఇంటింటికీ పంపారు. పదో తరగతి చదివినవాళ్లం మనం చెయ్యలేమా అని అప్పుడనిపించింది.

వైద్యం ఆ చెల్లి ఒక్కదానికే కాదు, ఇంటిల్లిపాదికీ జరిగింది. ఎవరి వయసుకి తగ్గట్టు వాళ్లకి.

పిల్లాడితో కౌన్సిలర్ అమ్మ మాటలకంటే ఎక్కువ బొమ్మలే వేయించింది. మొదట్లో ఇల్లు వేసేవాడు గానీ గోడలు వేసేవాడు కాదట. పక్క తడపడం గురించి తల్లితో, బడిలో మాస్టారితో మాట్లాడింది, తిట్టొద్దు, నలుగురిలో నవ్వొద్దు, వయసు వెనక్కి వెళ్లినట్టు చేస్తారు, మళ్లీ వస్తుంది అని చెప్పింది. తర్వాత వాడికి ఒక పని ఒప్పజెప్పింది. తుఫాను సంచి. అందులో టార్చి, కొవ్వొత్తులు, ఆధార్ కార్డులు, బిస్కట్లు, మామ్మ మందులు. హెచ్చరిక వస్తే సంచి తియ్యడం, అందర్నీ తుఫాను షెల్టరుకి బయల్దేరదీయడం వాడి పని. మంచం కింద దాక్కునేవాడికి చెయ్యడానికి ఒక పని దొరికింది. భయం వచ్చినప్పుడు ఊపిరి మెల్లగా వదలడం, ఎదురుగా కనిపించే అయిదు వస్తువుల పేర్లు చెప్పడం కూడా నేర్పింది. ‘గడప, బిందె, మామ్మ, చెప్పులు, కోడి’ అని వాడు గట్టిగా చెబుతుంటే ఇరుగుపొరుగు మొదట నవ్వేవారు. ఇప్పుడు మా ఊళ్లలో చాలామంది పిల్లలకి ఆ ఆట వచ్చు.

అత్తగారి సంగతి వేరు. ఆవిడకి భయం లేదు, ఏడుపు లేదు. నడుం నొప్పి, తల నొప్పి, కడుపులో మంట, అంతే. ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్లకి వేలు పోశారు. పెద్దవాళ్లలో మనసు నొప్పి ఇలా ఒంటి నొప్పిగా బయటపడడం ఎక్కువని అక్కడే విన్నాం. ఆవిడ మూడో నెలలో, అందరూ కలిసి కూర్చున్న రోజున, ఎవరూ అడక్కుండానే “నేనే పంపేను, ఆవు అరస్తంది ఎళ్లి ఇప్పు అని నేనే అన్నాను” అంది. తొమ్మిది నెలలు ఆ మాట కడుపులో పెట్టుకుని తిరిగింది. అప్పుడు మనవడు బొమ్మ మీద నుండి తలెత్తకుండా “నువ్వు వద్దన్నావు మామ్మా. తాతే ఎళ్తానన్నాడు. నేనిన్నాను” అన్నాడట. గాలి హోరులో ఆవిడ అన్నది ఆవిడకే గుర్తు లేదు, పిల్లాడికి ఉంది. వాణ్ణి చిన్నపిల్లాడని ఆ రాత్రి గురించి ఎవరూ మాట్లాడనిచ్చేవారు కాదు. కొట్టెయ్యకుండా ఈ సంగతి ఉంచమని మాకు చెప్పింది ఆ మామ్మే.

మన చెల్లికి డాక్టరు గారు కొన్నాళ్లు మాత్రలు కూడా రాశారు. ‘పిచ్చి మాత్రలు’ అని వీధిలో అన్నారు, ఆమె మధ్యలో ఒకసారి మానేసింది, మళ్లీ వేసుకుంది. తగ్గాక డాక్టరే మెల్లమెల్లగా తగ్గించి ఆపారు. సొంతంగా ఒక్కసారే ఆపకూడదని గట్టిగా చెప్పారు. మందు, మాట రెండూ అవసరమైనవాళ్లుంటారు, మాటతోనే సరిపోయేవాళ్లుంటారు. ఆపద చూసిన వాళ్లలో ఎక్కువమంది ఇంటివాళ్ల తోడుతో, పని దొరికితే, నిద్ర పడితే, కొన్ని వారాల్లో వాళ్లే తేరుకుంటారు. నెల దాటినా తగ్గకపోతే, లేదా చచ్చిపోవాలని మాట వస్తే మాత్రం ఆగకూడదు. ఆ మాట వస్తే నెల లెక్క కూడా చూడొద్దు, ఆ రోజే తీసుకెళ్లాలి, మనిషిని ఒంటరిగా వదలొద్దు.

భర్త రెండుసార్లు వచ్చాడు, ఆ తర్వాత రాలేదు. తండ్రిని పోగొట్టుకున్నవాడు ఆయనే, అందరికంటే తక్కువ మాట్లాడింది ఆయనే. తాగుడు పెరిగింది. ఇప్పుడు హైదరాబాదులో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, పండగలకి వస్తాడు. ఆయన విషయంలో ఏమీ మారలేదు. మేం ఆడవాళ్ల సంఘం కదా, మగవాళ్లని ఎలా పిలవాలో మాకింకా తెలియలేదు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి, నిజంగానే అడుగుతున్నాం.

ఇది తుఫానుల సంగతి మాత్రమే అనుకోవద్దు. మన ఊళ్లలో కిడ్నీ జబ్బుతో భర్తలు, అన్నదమ్ములు డయాలసిస్ మంచాల మీద పోతుంటే చూసినవాళ్లున్నారు. రోజూ దెబ్బలు తినే ఇంట్లో పెరుగుతున్న పిల్లలున్నారు. చిన్నప్పుడు ఎవరో చేసిన చెడ్డ పని నలభై ఏళ్లొచ్చినా నోరు విప్పి చెప్పలేనివాళ్లు ఈ సభలోనే ఉండొచ్చు. తలుపు దగ్గరే కూర్చుంటారు, ఎవరైనా వెనక నుండి భుజం మీద చెయ్యేస్తే ఉలిక్కిపడతారు. అలాంటి దెబ్బ ఇంకా తగులుతున్న ఇంట్లో ముందు కావలసింది కౌన్సిలింగ్ కాదు, దెబ్బ ఆగడం. ఆడవాళ్లకి 181, పిల్లలకి 1098 అందుకే ఉన్నాయి.

మా క్లస్టర్‌లో ఏం మార్చుకున్నామంటే, వరసగా రెండు మీటింగులకి రాని సభ్యురాలికి జరిమానా రాయడం ఆపేశాం. ముందు ఒకరు, ఎక్కువైతే ఇద్దరు, పుస్తకం లేకుండా వెళ్లాలి. ఎవర్ని పంపాలో ఆమెకి ఇష్టమైనవాళ్లనే పంపాలి. ‘ఎందుకు రాలేదు’ అని అడగం. ‘ఏం కావాలమ్మా’ అని అడుగుతాం. వాయిదా మాట ఆ రోజు ఎత్తం. ఇది సులువు కాదు. బ్యాంకు మనల్ని అడగడం మానదు గదా. రెండు సంఘాల్లో ఈ రూలు అడ్డం పెట్టుకుని ఊరికే మానేసినవాళ్లూ ఉన్నారు, దాని మీద మాలో మాకు పెద్ద గొడవే అయింది. అయినా రూలు ఉంచాం. నలుగురు ఊరికే మానేస్తే వసూలు కాస్త తగ్గుతుంది. ఒకరు నిజంగా లోపల మునిగిపోతుంటే మనం జరిమానా రాస్తూ కూర్చోవడం మాకిక చేతకాదు.

విన్నది మినిట్స్‌లో రాయం. ‘సభ్యురాలిని కలిశాం’ అని ఒక్క ముక్క రాస్తాం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో కూడా వైద్యం తీసుకునే మనిషి సంగతులు గుట్టుగా ఉంచాలని ఉంది, సర్కారు ఆసుపత్రిలో ఆ వైద్యం పొందడం హక్కని కూడా ఉంది. ఆత్మహత్యాయత్నం చేసినవాళ్లని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్లుగా చూడాలని, కేసు పెట్టి శిక్షించకూడదని అదే చట్టం చెబుతోంది. కేసవుతుందని భయపడి ఆసుపత్రికి తీసుకెళ్లని ఇళ్లు మన దగ్గరున్నాయి, అందుకే గట్టిగా చెబుతున్నాం.

2019లో మాకు లేనిది ఒకటి ఇప్పుడుంది. 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం టెలిమానస్ అని పెట్టింది. 14416కి ఏ ఫోన్ నుండైనా చెయ్యొచ్చు, డబ్బులు పడవు, పగలూ రాత్రీ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మాలో ఒకామె ముందు తానే చేసి చూసింది, నిద్ర పట్టడం లేదని. పేరు చెప్పమని బలవంతం చెయ్యలేదంది. ఆ తర్వాతే మిగతావాళ్లకి చెప్పాం. మనం చెయ్యని ఫోను వాళ్లని చెయ్యమంటే ఎలా?

ఆసుపత్రికి వెళ్లి రావాలంటే బస్సు ఛార్జీలు, ఒక రోజు జీడి పని కూలీ, తోడు వెళ్లినామెకి కూడా అంతే. మన చెల్లి వైద్యం రెండుసార్లు ఆగింది ఈ డబ్బుల దగ్గరే, భయం దగ్గర కాదు. అందుకని మా నాలుగు గ్రామ సంఘాల్లో మనసు వైద్యానికి వెళ్లే సభ్యురాలికీ, ఆమె ఇంట్లోవాళ్లకీ, తోడు వెళ్లే ఒకరికీ రానుపోను ఛార్జీలు గ్రామ సంఘం నిధి నుండి ఇస్తున్నాం. తిరిగి కట్టక్కర్లేదు. కాగితం మీద ‘వైద్య ప్రయాణం’ అని మాత్రమే రాస్తాం, ఏ వైద్యమో రాయం. దీన్ని మండలం మొత్తానికి పెట్టాలని మా క్లస్టర్ నుండి తీర్మానం తెచ్చాం, కాపీలు సీసీ గారి దగ్గరున్నాయి. మధ్యాహ్నం చర్చకి వస్తుంది.

ఆ పిల్లాడు ఇప్పుడు పదో తరగతి. పెద్ద గాలి వస్తే ఇప్పటికీ నిద్రపోడు, సంచి తెచ్చి పక్కన పెట్టుకుని కూర్చుంటాడు. వాళ్లమ్మ మీటింగులకి వస్తోంది. షెడ్డు రేకులకి ఇసుక బస్తాలు కట్టించాం, ఆమె చోటు తలుపు దగ్గర, అక్కడ ఇంకెవరూ కూర్చోరు.

మా టైము అయిపోయిందని ఏపీఎం గారు చూస్తున్నారు. వసూళ్ల వివరాలు మా కోశాధికారి చదువుతుంది.